నారింజ చొక్కా వేషం

జనవరి 3

ఈ డైరీ హేజెల్ అక్క క్రిస్మస్‌కి ఇచ్చింది. మిగతా అందరికీ తువ్వాళ్లూ సబ్బులూ ఇచ్చి నాకు మాత్రం ఇది. మొదటి పేజీలో తన గుండ్రటి అక్షరాలతో "గార్త్, కనీసం ఇందులోనైనా నటించకు" అని రాసింది. ఇరవై రెండేళ్లుగా నటననే నమ్ముకున్న తమ్ముడికి ఇవ్వాల్సిన దీవెనేనా ఇది?

సరే, అడిగింది కాబట్టి నిజాలే రాస్తాను. అక్క ఇంటి వెనక ఒకప్పుడు కారు పెట్టుకున్న షెడ్డులో ఉంటున్నాను. పొద్దున పూట ఆమె బేకరీలో సాసేజ్ రోల్స్ పొట్లాలు కడతాను. ఇది తాత్కాలికం. తొమ్మిదేళ్లుగా తాత్కాలికం. చివరిసారి వేషం కట్టింది నవంబరులో, మా కొరెల్లా బే మునిసిపాలిటీ వాళ్లు తీసిన బీచ్ నియమాల చిత్రంలో. పాత్ర పేరు రెండో ఉద్యోగి. ఒక డైలాగు ఉంది: "ఏమనుకోకండి. ఇది ఇక్కడ పెట్టకూడదు." దానికోసం పదకొండు రోజులు సాధన చేశాను.

ఆ వేషానికి ఇచ్చిన నారింజ రంగు చొక్కా, మెరిసే చారలున్నది, పొరపాటున నా సంచిలో వచ్చేసింది. రేపు తిరిగి ఇచ్చేయాలి.

జనవరి 6

ఇవ్వడానికి వెళ్లాను. మునిసిపాలిటీ ఆఫీసుకి సెలవులట, పన్నెండో తేదీ దాకా తెరవరట. పక్కనే లైఫ్‌సేవర్ల క్లబ్బులో మా చిత్రం టీవీలో వేస్తున్నారంటే లోపలికి వెళ్లి నిలబడ్డాను. నాలుగు నిమిషాల చిత్రం. మొదటి ఉద్యోగి కుక్క గురించి చెప్పాడు, గాజు సీసాల గురించి చెప్పాడు. నా డైలాగు కోసేశారు. అతని వెనక నా మోచేయి మాత్రం ఉంది. రెండుసార్లు చూశాను. మోచేయి బాగానే చేసింది.

తిరిగొస్తూ ఇసకలోకి దిగాను. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో అక్కకి కొన్న పుచ్చకాయ. చొక్కా పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక తొడుక్కున్నాను. ఈ సంగతి ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను.

నీళ్లకి దగ్గరగా డగ్ లేథమ్ నాలుగు టెంట్లు వేసుకుని కూర్చున్నాడు. ఊళ్లో దంతవైద్యుడు. టెంట్ల మీద కూడా అతని ఆసుపత్రి పన్ను బొమ్మే. తెల్లారకముందే వచ్చి టెంట్లు పాతేసి, ఒక్కడే కాపలా కాస్తాడు. ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం తీరిగ్గా వస్తారు. ఆ నాలుగు టెంట్ల కింద ఒక పెళ్లి చేయొచ్చు. వాటి చుట్టూ చోటు వెతుక్కుంటూ ముసలి కల్లియోపి తిరుగుతోంది, వెనకే నడక బండి పట్టుకుని ఆమె మొగుడు స్టావ్రోస్. రెండు మడత కుర్చీలు ఆవిడ భుజానికే ఉన్నాయి.

ఏమైందో తెలియదు. పుచ్చకాయ కింద పెట్టాను.

"ఏమనుకోకండి. ఇది ఇక్కడ పెట్టకూడదు."

డగ్ తలెత్తి ముందు చొక్కా చూశాడు. తర్వాత కూడా చొక్కానే చూశాడు. ఎవరు నువ్వు అనలేదు. ఏ నియమం ప్రకారం అనలేదు.

"ఓ, సారీ గురూ! ఎంత జరపమంటావ్?"

ఎంత జరపాలో నా స్క్రిప్టులో లేదు. "రెండు తీసెయ్యండి," అన్నాను. తీసేశాడు. కర్రలూ, తాళ్లూ, మేకులూ అన్నీ తీసి మడతపెట్టాడు. కల్లియోపి కుర్చీలు వేసుకుంది.

ఇరవై రెండేళ్లలో నేను చెప్పిన మాట ఒక మనిషి నమ్మడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చాక కాసేపు ఏడ్చాను. అక్క అడిగితే ఉల్లిపాయలన్నాను.

జనవరి 7

చొక్కా రేపు తిరిగి ఇచ్చేయాలి.

జనవరి 9

పన్నెండు దాకా ఎలాగూ ఆఫీసు తెరవరు. ఈలోగా సాధన చేస్తే తప్పేముంది? దీన్ని సాధనగానే చూడాలి.

పాత్రకి కొంచెం ఒళ్లు పట్టించాను. పేరు కోలిన్. పెళ్లాం వదిలేసింది. ఎడమ మోకాలు నొప్పి. నియమాలంటే ప్రాణం కానీ నోరు జారడు. వేషానికి వెడల్పు టోపీ, నల్ల కళ్లద్దాలు, ముఖం నిండా ఎండకి కాలకుండా పూసుకునే తెల్లటి జింకు క్రీము, చేతిలో కాగితాలు పెట్టుకునే అట్ట. అట్ట మీద ఉన్నది బేకరీ సరుకుల జాబితా. ఎవరూ చూడరు. అట్ట ఉందా లేదా అన్నదే చూస్తారు.

ఇవాళ మూడు టెంట్లు, ఒక కుక్క, నడిచే దారికి అడ్డంగా పెట్టిన ఒక పడవ బండి. అన్నీ కదిలాయి. పడవ బండివాడు నాకు థాంక్స్ కూడా చెప్పాడు.

అయితే ఒకడికి దొరికిపోయాను. బీచ్‌లో చెత్త డబ్బాలు ఖాళీ చేసే టవిటా. సమోవా దీవుల మనిషి, తలుపంత వెడల్పు, అసలు సిసలు నారింజ చొక్కా. మునిసిపాలిటీకి పనిచేసే ఏదో కాంట్రాక్టు కంపెనీలో ఆరేళ్లుగా చేస్తున్నాడు. రోజూ బేకరీకి వస్తాడు, రెండు సాసేజ్ రోల్స్.

"అన్నా, ఏ డిపో నీది?" అన్నాడు.

"దక్షిణం డిపో," అన్నాను కోలిన్ గొంతుతో.

"దక్షిణం డిపో లేదన్నా. నువ్వు హేజెల్ తమ్ముడివి. నిన్ననేగా నాకు ఒక రోల్ తక్కువ కట్టావ్."

అంతా చెప్పేశాను. అతను చెత్త డబ్బా పట్టుకుని నవ్వాడు, డబ్బా కూడా కదిలేటంత. తర్వాత కళ్లు తుడుచుకుని అన్నాడు: "చేసేది చేస్తున్నావ్, కాస్త సరిగ్గా చెయ్యి. నువ్వు తొందరగా నడుస్తున్నావన్నా. గంటల లెక్కన పనిచేసేవాడు తొందరపడడు. మనుషుల్ని చూస్తున్నావ్. మేం మనుషుల్ని చూడం. ముందు నేల చూడు, తర్వాత వస్తువు చూడు, అప్పుడు మాట్లాడు. మాట్లాడాక నిలబడకు, వెళ్లిపో. చేస్తారు."

మెల్‌బోర్న్‌లో మూడేళ్లు నటన నేర్చుకున్నాను. ఇంత పనికొచ్చే మాట ఒక్కరూ చెప్పలేదు.

జనవరి 12

ఆఫీసు తెరిచారు. వరస చాలా పెద్దగా ఉంది. వెనక్కి వచ్చేశాను.

ఊరివాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో నా గురించి రాస్తున్నారు! నన్ను "నారింజ చొక్కా" అంటున్నారు. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను:

"ఇన్నాళ్లకి మన బీచ్‌కి ఒక దిక్కు దొరికింది."

"మర్యాదగా చెబుతాడు. కానీ చెప్పాక ఎదురు మాట్లాడబుద్ధి కాదు."

"మా ఆయన నేను పదేళ్లుగా చెబుతున్నా వినలేదు, అతను ఒక్కమాట చెబితే కుక్కకి తాడు కట్టాడు."

"మనిషి మంచోడే, గొంతు మాత్రం కాస్త నాటకంలా ఉంది."

మొత్తం నలభై మంది మెచ్చుకున్నారు. ఆ చివరిది రాసినవాడు ఎవడు? ఏ నాటకం చూశాడు వాడు? పొద్దుటి నుంచి అన్నం సయించలేదు.

జనవరి 13

గొంతు తగ్గించాను. వాడికోసం కాదు. పాత్రకోసం.

జనవరి 15

వాన. ఏమీ లేదు.

జనవరి 19

నేను చేస్తున్నది బలహీనుల కోసం. స్టావ్రోస్‌కి రోజూ చోటు దొరుకుతోంది. దీన్ని మర్చిపోకూడదు.

ఎందుకంటే మిగతాది చూస్తే ఒక్కోసారి అనుమానం వస్తోంది. బేకరీలో పొట్లాలు కడుతూ వింటున్నాను. రొట్టెకి వచ్చిన ప్రతివాళ్లూ "ఆ నారింజ చొక్కా ఆయన ఇటువైపు వస్తాడా? ఒక్కమాట చెప్పాలి" అంటున్నారు. అక్క విసుగొచ్చి కౌంటరు మీద ఒక చాక్లెట్ల డబ్బా పెట్టింది, రాసి ఇందులో వెయ్యండని. సాయంత్రానికి నిండింది. పక్కింటి గాలిగంటలు. ఎదురింటి అవకాడో చెట్టు. వదిన వేయించిన గేటు రంగు. జనవరి సగమైనా తియ్యని క్రిస్మస్ దీపాలు. తన తప్పు గురించి రాసినవాడు ఒక్కడూ లేడు. గాలిగంటల మీద ఫిర్యాదు రాసినావిడదే ఆ అవకాడో చెట్టు.

డగ్ లేథమ్ కూడా వచ్చాడు. ఇప్పుడు అతనివి రెండే టెంట్లు.

"హేజెల్, నాచేత రెండు టెంట్లు తీయించాడు చూడు, మంచి పనే చేశాడు, నేనేమీ అనుకోలేదు. మరి ఆ వెర్నన్‌గాడి టెంటు సంగతేంటి? అదేమన్నా టెంటా? సర్కస్!"

"నువ్వే చెప్పొచ్చుగా డగ్," అంది అక్క.

"నేను చెబితే బాగుంటుందా? పక్కపక్కన ఉండేవాళ్లం!"

వెర్నన్ టెంటు తీయించాను. దీపాలు తీయించాను. గేటు రంగు కూడా మార్పించాను. దానికి ఏ నియమమూ లేదని నాకు తెలుసు. ఆ గేటావిడ "ఏ రంగు వేయమంటారు?" అని అడిగింది. నా నోట్లోంచి "లేత ఆకుపచ్చ" అని వచ్చింది. కోలిన్‌కి ఆ రంగంటే ఇష్టం.

టవిటా ఆ గేటు చూశాడట. "అన్నా, బీచ్ దాకా సరే. ఇంటి గేట్ల జోలికి పోకు," అన్నాడు. అతనికి కళ గురించి అంత తెలియదు.

జనవరి 24

సిడ్నీ నుంచి మా ఏజెంటు విల్మా ఫోన్! పద్నాలుగు నెలల తర్వాత. నా నంబరు పోగొట్టుకుని మళ్లీ సంపాదించిందట.

"గార్త్, నువ్వుండేది ఆ నారింజ చొక్కా ఊరేనా? వార్తల్లో వచ్చాక ఎవరో దానిమీద సీరియల్ తీస్తున్నారు. మంగళవారం వేషాలకి పరీక్ష. పాత్ర ఎలా రాశారో చదువుతాను విను: నలభై దాటినవాడు, బక్కగా ఉంటాడు, ఎవరూ గుర్తుపెట్టుకోని ముఖం. నాకు నువ్వే గుర్తొచ్చావ్!"

ఇన్నేళ్లకి దేవుడు నా ముఖం చూశాడు. ఎవరూ గుర్తుపెట్టుకోని ముఖం.

జనవరి 28

సిడ్నీ వెళ్లి వచ్చాను.

జనవరి 29

రాయకూడదనుకున్నాను. అక్క మాట ప్రకారం రాస్తున్నాను.

వాళ్లు ఒక చొక్కా ఇచ్చారు. ఒక ప్లాస్టిక్ కుర్చీని టెంటు అనుకోమన్నారు. నేల చూశాను, కుర్చీ చూశాను, చెప్పాను, వెళ్లిపోయాను. రోజూ చేసేదే చేశాను. ఇంతకన్నా బాగా నా జన్మలో చేయలేదు.

దర్శకుడు పాతికేళ్ల కుర్రాడు. గడ్డం గోక్కుంటూ అన్నాడు: "బాగుంది సార్, కానీ చొక్కా మీకు నప్పలేదు. మీరు చెబితే ఎవరూ వినరు. ఒక పని చేయండి, వీలైతే ఆ అసలు మనిషిని వెళ్లి గమనించండి."

పాత్ర ఎవరో ఈతగాడికి ఇచ్చారు. దవడ ఉన్నవాడికి.

రైల్లో ఇంటిదాకా నా ప్రతిబింబాన్ని గమనించాను.

ఫిబ్రవరి 2

డగ్ లేథమ్ కొంప ముంచాడు. అదీ నామీద ప్రేమతో.

నారింజ చొక్కాకి ఊరి తరఫున ఉత్తమ ఉద్యోగి పురస్కారం ఇవ్వాలని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. రెండొందల సంతకాలు పోగుచేశాడు. వాళ్లు జవాబు రాశారు: అలాంటి ఉద్యోగి మాకు లేడు.

ఇవాళ బేకరీలో డగ్ మొహం అతని టెంట్ల కన్నా తెల్లగా ఉంది. "నెల రోజులు! నెల రోజులు ఎవడో ఊరూ పేరూ లేనివాడు చెబితే విన్నాను! వాడికి నాలుగుసార్లు థాంక్స్ చెప్పాను హేజెల్!"

పోలీసు కేసు పెట్టాడు. సంతకాలు పెట్టిన రెండొందల మందీ ఇప్పుడు మాకు మొదట్నుంచీ అనుమానమే అంటున్నారు.

నేను పొట్లాలు కట్టాను.

ఫిబ్రవరి 3

చొక్కాని చెత్త డబ్బాలో అడుగున పెట్టి, పైన నిన్నటి రొట్టెలు వేశాను. లారీ వచ్చి తీసుకుపోయింది. ఇక తిరిగి ఇచ్చే బాధ లేదు. లారీ మీద టవిటా లేడు. సెలవు పెట్టి ఉంటాడు.

ఫిబ్రవరి 4

టవిటా రాలేదు. జలుబేమో. ఊళ్లో తిరుగుతోంది.

ఫిబ్రవరి 5

రెండు సాసేజ్ రోల్స్ కట్టి పక్కన పెట్టాను. ఎవరూ తీసుకోలేదు.

ఫిబ్రవరి 6

జలుబు కాదు. అక్క చెప్పింది. నాకు ముందే తెలుసు. తెలియదని రాసుకున్నాను.

పోలీసులు సాక్షుల్ని అడిగారట. ముఖం? జింకు పూసుకున్నాడు, కనబడలేదు. ఎత్తు? ఉన్నాడు. బక్కా, లావా? చొక్కా వేసుకున్నాడు. ఆ బీచ్‌లో నారింజ చొక్కావాడు మీకు ఇంకెవరైనా తెలుసా అంటే అందరూ తెలుసన్నారు. నెల రోజులు నా ముందు నిలబడి మాట్లాడిన మనుషులు, నాకు రెండింతలున్న సమోవా మనిషి పేరు చెప్పి సంతకం పెట్టారు. కంపెనీ టవిటాని పనిలోంచి ఆపేసింది. గురువారం కంపెనీలో విచారణ. అందులో అతను కాదని తేలకపోతే ఉద్యోగం పోతుంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ సీనా తలుపు తీసి కోకో కాచి ఇచ్చింది. నేనెవరో తెలియక ఇచ్చింది. చర్చిలో పాటలవాళ్ల ముందు వరసలో నిలబడే మనిషి, నిన్నటి పాటల సాధనలో సిగ్గుతో తనంతట తనే వెనక వరసకి వెళ్లిపోయిందట. ఆ కోకో తాగడం ఎంత కష్టమో రాయలేను.

టవిటా వాకిట్లో గడ్డి కోసే మిషను విప్పి పెట్టుకున్నాడు.

"నా పేరు చెప్పలేదేం?" అన్నాను.

"అది నేను చెప్పాల్సిన పేరు కాదన్నా." స్పానరు అందుకున్నాడు. "నీ సాధన అయిపోయిందా?"

ఫిబ్రవరి 7

ఒప్పుకుంటే నా నటన జీవితం ముగిసిపోతుంది. అలా రాసి, ఆ వాక్యం మళ్లీ చదువుకున్నాను. నవ్వొచ్చింది.

రేపు వెళతాను.

ఫిబ్రవరి 8

వెళ్లలేదు. మోకాలు నొప్పి. (మోకాలు నొప్పి కోలిన్‌కి.)

ఫిబ్రవరి 9

స్టేషనుకి వెళ్లాను. బయట సార్జెంట్ మర్డాక్ పికప్ ట్రక్కు చక్రాల కుర్చీలు ఎక్కే వాలుకి అడ్డంగా నిలబెట్టి ఉంది. ఏమీ అనలేదు. ఇవాళ నేను నేరస్థుణ్ణి.

"నారింజ చొక్కా నేనే," అన్నాను.

సార్జెంట్ మర్డాక్ పెద్దావిడ. ఫైలు మూసి నావైపు జాలిగా చూసింది. "సీరియల్ వార్త వచ్చినప్పటి నుంచి నువ్వు నాలుగోవాడివి. నటుడివేనా?"

"నటుణ్ణే, కానీ..."

"ముగ్గురూ నటులే. ఒకడు చొక్కా కూడా తెచ్చాడు. నీ చొక్కా ఏది?"

"చెత్తలో పారేశాను."

"అవునా." ఆవిడ డగ్‌కి ఫోన్ చేసి రమ్మంది. అతను వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వాడు.

"ఇతనా? ఇతను హేజెల్ తమ్ముడు సార్జెంట్! రొట్టెలు కడతాడు. ఆ మనిషి ఇంకా పొడుగు. ఆ మనిషి నిలబడితేనే ఒక..." చేత్తో గాలిలో ఏదో చూపించాడు. "అది. ఇతని దగ్గర అది లేదు."

నా ఎదురుగా నన్నే మెచ్చుకుంటూ నేను కాదన్నాడు. నాకు కోపం రావాలా, ఆనందపడాలా?

"ఇంటికెళ్లు గురూ," అంది సార్జెంట్. "ఇంకోసారి వస్తే పోలీసుల సమయం వృథా చేసినందుకు రాసుకుంటాను."

ఫిబ్రవరి 10

అక్కకి మొత్తం చెప్పేశాను. ముందు ఆమె కూడా నమ్మలేదు. అప్పుడు ఈ డైరీ చేతికిచ్చాను. పిండి చేతులతోనే నిలబడి చదివింది. గేటు రంగు దగ్గర నవ్వింది. ఫిబ్రవరి మూడు, నాలుగు, అయిదు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"జలుబా?" అంది. అంతే. నా వీపు మీద ఎవరో వాత పెట్టినట్టయింది.

"వెళ్లానక్కా. ఎవరూ నమ్మడం లేదు."

"మరి నెల రోజులు ఊరంతా నమ్మిందిగా. ఎలా నమ్మించావ్ అప్పుడు?"

"అప్పుడు నటించాను."

అక్క డైరీ మొదటి పేజీ తిప్పి, తను రాసిన వాక్యం మీద పిండి వేలితో అడ్డంగా ఒక గీత గీసింది.

"ఈ ఒక్కసారికి నటించరా," అంది. "కానీ బాగా చెయ్యి. అతని బతుకురా అది."

ఫిబ్రవరి 11, బుధవారం

రేపు విచారణ. ఇవాళే జరగాలి.

చొక్కా లేదు. టోపీ, కళ్లద్దాలు, జింకు ఏమీ పెట్టుకోలేదు. అన్నీ చేసింది నేను కాదు, ఆ వేషమేనేమోనని రెండు రోజులుగా భయం. బేకరీలో వేసుకునే తెల్ల చొక్కాతో, కేకుల ఆర్డర్లు రాసుకునే అట్టతో వెళ్లాను. ట్రక్కు వాలుకి అడ్డంగా అక్కడే ఉంది.

లోపల సార్జెంట్ మర్డాక్ ఏదో రాసుకుంటోంది. డగ్ లేథమ్ టవిటా మీద వాంగ్మూలానికి సంతకం పెట్టడానికి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు, బీచ్ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, టెంటు సంచి దారికి అడ్డంగా ఉంది. గోడ పక్క మూలన టవిటా, వాళ్లమ్మ సీనా. అతన్ని కూడా పిలిపించారన్నమాట.

తొందరపడలేదు. ఎవరినీ చూడలేదు. గుమ్మంలో ఆగి నేల చూశాను. కిటికీలోంచి ట్రక్కు చూశాను. అట్ట మీద ఏదో రాశాను. (గురువారం, లేథమ్, చాక్లెట్ కేకు, ఎనిమిది మందికి.) అప్పుడు చెప్పాను.

"ఏమనుకోకండి. ఇది ఇక్కడ పెట్టకూడదు."

చెప్పి వెనక్కి తిరిగాను.

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. తాళాల చప్పుడు. "అయ్యో, సారీ, ఒక్క నిమిషం," అంటూ సార్జెంట్ మర్డాక్ నన్ను దాటుకుని బయటికి వెళ్లింది. ట్రక్కు స్టార్టయింది. డగ్ లేచి నిలబడి, టెంటు సంచి ఎత్తి గుండెకి హత్తుకుని అడిగాడు:

"ఇది కూడానా?"

సంచి పట్టుకున్న డగ్ ముఖం నెమ్మదిగా మారింది. నోరు తెరిచాడు. ఆ నోట్లో మాటేమీ లేదు. దంతాలు మాత్రం బాగున్నాయి.

సార్జెంట్ తిరిగొచ్చింది, కూర్చుంది, తాళాలు బల్ల మీద పెట్టింది. ఆ తాళాల వైపు చూసింది. నావైపు చూసింది. మళ్లీ తాళాల వైపు. తర్వాత డగ్ ముందున్న వాంగ్మూలం కాగితం తీసుకుని నిలువుగా చింపి, కొత్త కాగితం తీసింది.

"పేరు?"

"గార్త్ ట్రెలోర్."

"వృత్తి?"

ఎప్పుడూ ఇక్కడ నేను కాస్త దగ్గుతాను. ఇవాళ దగ్గలేదు. "నటుణ్ణి," అన్నాను.

ఆవిడ నవ్వకుండా రాసుకుంది.

మూలన సీనా లేచి వచ్చి నా చెంప మీద ఒకటి వేసింది. గట్టిగానే. తర్వాత అదే చేత్తో నా తల నిమిరింది. రెండూ నాకు రావాల్సినవే.

ఫిబ్రవరి 13

టవిటా పనిలోకి వచ్చాడు. బేకరీకి వచ్చి రెండు రోల్స్ అడిగాడు. మూడు కట్టాను. ఒకటి తీసి కౌంటరు మీద పెట్టేశాడు.

"ఆ గుమ్మం దగ్గర ఆగావు చూడు," అన్నాడు. "అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగావన్నా. మిగతాది బాగుంది."

ఫిబ్రవరి 17

విల్మా ఫోన్. అసలు మనిషిని నేనే అని పేపర్లో వచ్చాక సీరియల్‌వాళ్లు అడిగారట, ఆ ఈతగాడికి రెండు రోజులు నడక నేర్పుతారా అని. ఆ నడక నాది కాదు, చెత్త డబ్బాలవాడిది, అతన్ని అడగండి అని చెప్పాను. టవిటా ఒప్పుకోలేదు. నటులతో వేగలేనన్నాడు.

మార్చి 20

కోర్టు. జైలు లేదు. నలభై గంటలు బీచ్‌లో చెత్త ఏరాలి. మేజిస్ట్రేటు నా నేరం చదివేటప్పుడు గేటు రంగు దగ్గర గొంతు సవరించుకున్నాడు.

మార్చి 28

మొదటి రోజు. చెత్త ఏరేవాళ్లకి మునిసిపాలిటీ వాళ్లే చొక్కా ఇస్తారట. నారింజ రంగు. సంతకం పెట్టి తీసుకున్నాను.

టోపీ లేదు, కళ్లద్దాలు లేవు. అందరూ గుర్తుపట్టి నవ్వుతారనుకున్నాను. ఎవరూ నావైపు చూడలేదు. డగ్ లేథమ్ టెంట్లు మళ్లీ నాలుగయ్యాయి. అతనొక్కడే నన్ను చూసి, వాడు దొంగ ఉద్యోగేలే అన్నట్టు కాళ్లు ఇంకాస్త చాపుకున్నాడు.

కల్లియోపి కుర్చీలు భుజాన వేసుకుని ఆ టెంట్ల చుట్టూ తిరుగుతోంది. వెనకే స్టావ్రోస్. నాకు డైలాగు నాలిక చివరిదాకా వచ్చింది. దూరంగా టవిటా డబ్బా పట్టుకుని నావైపే చూస్తున్నాడు. మింగేశాను. కుర్చీలు ఆవిడ దగ్గర తీసుకుని, రాళ్లు దాటి అవతల నీడ ఉన్నచోటికి మోసుకెళ్లి వేశాను. తర్వాత వెనక్కి వచ్చి స్టావ్రోస్‌కి చెయ్యిచ్చి నడిపించాను. ఆ దారి పది నిమిషాలు పట్టింది.

కూర్చున్నాక కల్లియోపి చుట్టూ చూసి అడిగింది. "బాబూ, ఇక్కడ ఒకాయన ఉండేవాడు. నీలాగే నారింజ చొక్కా. గొప్ప మనిషి. ఒక్కమాట చెబితే అందరూ వినేవాళ్లు. ఈమధ్య కనబడడమే లేదు, ఏమయ్యాడు?"

"ఆయనకి బదిలీ అయిందమ్మా," అన్నాను.

"అయ్యో," అంది కల్లియోపి. "మంచివాడు పాపం."

ఇంకా ముప్పై ఏడు గంటలున్నాయి. అవి అయ్యాక చొక్కా తిరిగి ఇచ్చేయాలి.